సెమ్మె పోయిన పెరటాసి

మా అమ్మ నలభై ఆరో ఏట కాలేజీలో చేరింది. క్రిమినల్ జస్టిస్‌లో డిప్లొమా, రెండేళ్ల కోర్సు. కాలేజీ తెలుక్ ఇంతాన్ బస్టాండు వెనక, షాపుల వరస మీద ఉండేది. కింద టైర్ల కొట్టు. పైన సాక్ష్యం గురించి పాఠం జరుగుతుండగా కింద బోల్టులు విప్పే మిషను మొదలైతే మాస్టారు ఆగేవాడు. అది ఆగాక తను మొదలుపెట్టేవాడు. అలా ఆగిన చోట్లే తనకు బాగా గుర్తున్నాయని అమ్మ ఇప్పటికీ అంటుంది.

మేముండేది మలేషియాలో, హుటాన్ మెలింటాంగ్‌లో. నాన్న దాసు ఏటి ఒడ్డున జెట్టీలో చేపల పడవల ఇంజన్లు బాగుచేసేవాడు. అమ్మ రత్నావతి హైస్కూలు గేటు దగ్గర గార్డు. నేను ఒక పత్రికకి తెలుక్ ఇంతాన్ కోర్టు వార్తలు రాసేదాన్ని. సాయంత్రం క్లాసు అయ్యాక అమ్మని మోటార్‌సైకిల్ మీద ఇంటికి తీసుకొచ్చే పని నాది. ఇంటికి పెద్ద మా నాన్నమ్మ కూర్మమ్మ. ఎనభై దగ్గరపడినా ప్రతి శుక్రవారం బకెట్టూ గుడ్డా పట్టుకుని రామకోవెలకి వెళ్లి నేల కడిగి వచ్చేది.

ఈ వయసులో చదువెందుకని అమ్మని అందరూ అడిగారు. ఆమె అందరికీ ఒకటే చెప్పేది. స్కూల్లో ఫోను పోయిందని ఒక అమ్మాయిని పోలీసులు తీసుకెళ్లారు. గేటు దాటేటప్పుడు ఆ పిల్ల అమ్మ వైపు తిరిగి, “ఆంటీ, నేనిప్పుడు మాట్లాడాలా, వద్దా?” అని అడిగింది. అమ్మకి జవాబు తెలియలేదు. అందుకని చేరింది.

నాన్నకి ఇది వేళాకోళం. కూరలో చేప తల కనిపించకపోతే చెయ్యి కడుక్కోకుండా కూర్చుని, “ఇనస్పెట్రమ్మా, దర్యాప్తు సెయ్యి” అనేవాడు.

“సాచ్చి ఎవులు?”

“పిల్లి.”

“పిల్లి సాచ్చి కాదయ్యా. ముద్దాయి.”

“పిల్లి మీద ఎడతారేటి? ఆ తల నాను తిన్నాను,” అనేది నాన్నమ్మ లోపల్నించి. “ఏటి సేత్తావు? అత్తని జైల్లో ఎడతావా?”

“తనంతట తను ఒప్పుకున్నోలకి శిచ్చ తగ్గుతాది అత్తా.”

“అయితే రేపు తోక కూడా నాదే.”

అమ్మ చివరి సెమిస్టరులో ఉండగా పెరటాసి వచ్చింది.

పెరటాసి నెల శనివారాలు పెరుమాళ్లవి. ఈ దేశంలో మా తెలుగువాళ్లు ఆ నెలంతా నీచు ముట్టరు. జెట్టీలో పడవవాళ్లు ఇచ్చిన చేపల సంచీని నాన్న ఆ నెల పక్కింటి గేటుకి తగిలించి వచ్చేవాడు. శనివారం పొద్దున కోవెలలో పూజ, సాయంత్రం భజన. భజన దీపపు సెమ్మె చుట్టూ జరుగుతుంది. ఇత్తడి సెమ్మె, నా నడుం ఎత్తు. దాన్ని మధ్యలో నిలబెట్టి, వెలిగించి, తాళాలు వాయిస్తూ చుట్టూ తిరుగుతారు. మా తాతలు కూలికి వచ్చిన తోటల ఎస్టేటు అమ్మేసినప్పుడు అక్కడి కోవెల ఊళ్లోకి మారింది. దేవుళ్లతో పాటు సెమ్మె కూడా లారీ ఎక్కి వచ్చింది.

సెమ్మె కొంచెం ఒక పక్కకి వంగి ఉండేది. పై పళ్లెం అంచుకి ఒక సొట్ట.

“ఇది వొంకరైపోనాది. నూనంతా ఓ పక్కకే కారిపోతన్నాది,” అన్నాడు కోవెల సంఘం అధ్యక్షుడు జయకుమార్, పెరటాసి ముందు జరిగిన మీటింగులో. ఆయన నాన్నమ్మ చెల్లెలి కొడుకు. నాన్నకి తమ్ముడు, నాకు చిన్నాన్న. “దీన్ని కరిగించీసి, పైన ఇంకొంత ఇత్తడి కలిపి, మనిసెత్తు సెమ్మె సేయిద్దాం. ఆకరి శనివారానికి కొత్తది నిలబెడదాం.”

సంఘం చప్పట్లు కొట్టింది. మొదటి శనివారం భజన అయ్యాక కౌలాలంపూర్ నుంచి కంచరి వచ్చి పాతది తీసుకెళ్లాలని అనుకున్నారు. నాన్నమ్మ ఆ మీటింగులో చివరి వరసలో కూర్చుని ఉంది. ఆమెను ఎవరూ అడగలేదు.

మొదటి శనివారం తెల్లవారి పూజారి తలుపు తీసేసరికి సెమ్మె లేదు.

మేం వెళ్లేటప్పటికి ఇరవై మంది దాకా చేరారు. తాళం బాగానే ఉంది. గ్రిల్లు బాగానే ఉంది. సెమ్మె ఉండాల్సిన చోట, ముగ్గు మీద, ఒక మట్టి ప్రమిద వెలుగుతోంది. నూనె అడుగంటింది.

“పూజారిగారూ, ఈ ప్రమిద మీరెట్టినారా?” అని అడిగింది అమ్మ.

“నేనొచ్చేసరికే ఉంది.”

“ఎవులూ ముట్టుకోకండి,” అని అమ్మ ఫోను తీసి ప్రమిదని దగ్గరగా ఒకటి, దూరంగా ఒకటి ఫొటో తీసింది.

“ఓలమ్మ, ఇనస్పెట్రమ్మ వొచ్చీసినాది. తప్పుకోండి, తప్పుకోండి,” అన్నారు వెనకనుంచి ఎవరో. నవ్వులు. నాన్న కూడా నవ్వాడు.

జయకుమార్ నవ్వలేదు. “తాళం ఇరగ్గొట్టనేదు. అంటే సెవి ఉన్నోల పని,” అన్నాడు. కోవెలకి రెండే తాళంచెవులు. ఒకటి పూజారిది. రెండోది మా ఇంట్లో, వంటగది తలుపు పక్క మేకుకి వేలాడేది. నీళ్ల మోటారు బాగుచెయ్యడానికి నాన్న దగ్గర ఉంచారు. నాన్నమ్మ శుక్రవారం పూజ అయ్యాక కడగడానికి వెళ్లేది కూడా ఆ చెవితోనే.

“పెద్దమ్మా, నిన్న సాయంత్రం నువ్వు కడగడానికి వొచ్చినప్పుడు సెమ్మె ఉన్నాదా?” అని జయకుమార్ ఆమెనే అడిగాడు.

“నాను నేల కడిగినప్పుడు ఉన్నాది,” అంది నాన్నమ్మ.

దాంతో ఆమె సంగతి అయిపోయింది. ఆ సెమ్మెని ఎత్తాలంటే మగమనిషి కావాలి. కాబట్టి కడిగి వెళ్లిన తరవాత, తెల్లారే లోపల, పూజారో దాసో. ఆ మాట ఎవరూ పైకి అనలేదు. కానీ ఆ పూట ప్రసాదం పంచే మనిషి నాన్న దగ్గరికి వచ్చేసరికి గిన్నె గీకడం మొదలుపెట్టాడు.

మంగళవారం నాన్నమ్మ మంచం కిర్రుమంటోందని అమ్మ గుర్తుచేస్తే, నాన్న రెంచీ పట్టుకుని వెళ్లి కోడు బిగించాడు. నాన్నమ్మ అప్పుడు పెరట్లో ఉంది. నాన్న ఆ గదిలోంచి వచ్చాక రెంచీ కడిగి, తుడిచి, మళ్లీ కడిగాడు. మధ్యాహ్నం అన్నం కెలికి లేచాడు. నేను దాన్ని చూశాను గాని, నిందపడ్డ మనిషి కదా అనుకున్నాను.

రెండో శనివారం సాయంత్రం, భజనకి ముందు, సూడం వెలిగించారు.

కర్పూరాన్ని మావాళ్లు సూడం అంటారు. ఎస్టేటు కాలం నుంచి మాలో తగువు వస్తే పోలీసు దాకా వెళ్లరు. తమలపాకు మీద సూడం బిళ్ల పెట్టి, దేవుడి ముందు వెలిగిస్తారు. నింద పడ్డవాడు ప్రమాణం చెప్పి, అరచేత్తో కొట్టి ఆ మంటని ఆర్పాలి. ప్రమాణంలో రెండు మాటలు. నాను తియ్యనేదు. తీసినోలెవులో నాకు తెల్దు. అబద్ధం ఆడి ఆర్పినవాడి ఇంట్లో దీపం ఆరుతుందని నమ్మకం. ఆర్పిన తరవాత ఇక ఎవరూ ఆ మాట ఎత్తకూడదు.

ముందు పూజారి వచ్చాడు. రెండు మాటలూ చెప్పి ఆర్పాడు. వెనక ఎవరో ఏదో గొణిగితే జయకుమార్ తిరిగి చూశాడు.

“ఆర్పినాడు. అయిపోనాది. ఇంక ఆ మాట ఎత్తినోలకే దోసం,” అన్నాడు.

తరవాత నాన్న. ఇంకో బిళ్ల వెలిగించారు. నాన్న చొక్కా విప్పి, కండువా నడుముకి కట్టుకుని కూర్చున్నాడు. చెయ్యి ఎత్తాడు.

“నాను తియ్యనేదు,” అన్నాడు.

ఎత్తిన చెయ్యి అలాగే ఉంది. అందరం రెండో మాట కోసం చూశాం. ఆకు అంచులు నల్లబడ్డాయి. సూడం చిన్నదై, నీలంగా మారి, దానంతట అదే ఆరిపోయింది. నాన్న చెయ్యి దించి, లేచి, చొక్కా తొడుక్కున్నాడు.

“అన్నయ్యా,” అన్నాడు జయకుమార్. గొంతులో కోపం లేదు. “ఏటైనాది?”

నాన్న వంగి గుండీలు పెట్టుకుంటున్నాడు.

“వొచ్చే శనివారం దాకా సూత్తాం. ఇంకోపాలి ఎలిగిత్తాం. అప్పుడు కూడా ఇలాగే అయితే నా సేతిలో ఏటీ ఉండదు. పోలీసు రిపోర్టు రాయిస్తారు, నీ పేరెడతారు. మంచికీ సెడ్డకీ ఎవులూ నీ గుమ్మం తొక్కరు.”

ఆ వేళ నాన్నమ్మ కోవెలకి రాలేదు. మోకాళ్ల నొప్పి అంది. ఇంటికి వచ్చాక సంగతి విని, గుమ్మంలోనే నాన్నని నిలబెట్టింది.

“తియ్యనోడివి, ఆర్పీసి రావొచ్చు కదరా? ఏటి బయం? సెయ్యి కాలిపోతాదనా?”

నాన్న ఆమెను చూశాడు. తరవాత చెప్పులు వేసుకుని జెట్టీకి వెళ్లిపోయాడు. శనివారం సాయంత్రం జెట్టీలో పనేమీ ఉండదు.

“సూసినావా గుంటా? మీ నాన్న ఇనుము కొడతాడు గాని గుండె పిచ్చుకది,” అంది నాన్నమ్మ నాతో. అమ్మ అక్కడే నిలబడి ఆమెనే చూస్తోంది.

ఆదివారం పొద్దున అమ్మ నాన్నకి కాఫీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది.

“ఒక్క మాట అడుగుతాను. మొదటి మాట అన్నావు. రెండోది ఎందుకు అన్నేదు?”

“సూడం ఆరిపోనాది.”

“నువ్వు ఆగిపోనావు గనక ఆరిపోనాది.”

“రత్నా, ఇక్కడితో ఒగ్గీ.”

“నువ్వు తియ్యనేదని నాకు తెలుసు. ఊరికి తెల్దు. అది నీ పేరయ్యా.”

“నా పేరే కదా. నీ పేరు కాదు కదా. ఒగ్గీ.” కాఫీ తాగకుండా లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, “నీ సదువు కాలేజీలో సదువుకో,” అన్నాడు. అప్పటిదాకా వేళాకోళంగా తప్ప ఆ చదువు గురించి నాన్న ఒక్క మాట అనలేదు. అమ్మ ఆ కప్పు తీసి తనే తాగింది.

మర్నాడు సాయంత్రం నేను కోర్టు పని తొందరగా ముగించుకుని కాలేజీ మెట్ల మీద కూర్చున్నాను. తలుపు తీసే ఉంది. ముగిలన్ సార్ పాఠం చెబుతున్నాడు. ఆయన రిటైరైన పోలీసు అధికారి. మలయ్‌లో మొదలుపెట్టి, అమ్మ దగ్గరికి వచ్చేసరికి తమిళంలోకి దిగేవాడు.

“సార్, ఒక మనిషి ఒక ప్రశ్నకి జవాబు చెప్పి, రెండోదానికి నోరు మూసుకుంటే?” అని అమ్మ అడుగుతోంది.

కింద మిషను మొదలైంది. సార్ ఆగాడు. అది ఆగాక చెప్పాడు. నోరు మూసుకున్నంత మాత్రాన నేరం ఒప్పుకున్నట్టు కాదు. మనిషి భయంతో మాట్లాడడు. సిగ్గుతో మాట్లాడడు. ఇంకొకరిని కాపాడటానికి మాట్లాడడు. కాబట్టి ఎందుకు మాట్లాడలేదని అతన్ని పీడించకండి. ఏ ప్రశ్న దగ్గర ఆగాడో చూసి, ఆ ప్రశ్న వెంట మీరు వెళ్లండి.

క్లాసు అయ్యాక అమ్మని వెనక ఎక్కించుకుని బయల్దేరాను. రెండు పక్కలా పామాయిల్ తోటలు. వాన మొదలైతే ఒక బస్‌స్టాప్ కింద ఆగాం. అప్పుడు ఫోను తీసి మొదటి శనివారం ఫొటో పెద్దది చేసింది.

“సూడు. దొంగోడు సెమ్మె ఎత్తుకుపోతాడు. సరే. పోతా పోతా దీపం ఎట్టి ఎల్తాడా?”

“వెళ్లడు.”

“ఇంకా దగ్గరగా సూడు. వొత్తి.”

చూశాను. ప్రమిదలో వత్తి కొస కాలకుండా అంచు బయటికి వచ్చి ఉంది. అందులో ఒక ఎర్ర పోగు. ఊళ్లో అందరూ వాడేది కొట్లో దొరికే దూది వత్తులు. నాన్న పాత పంచెల్ని అంచుతో సహా చింపి, తొడ మీద పెట్టి వత్తులు చేసే మనిషి ఒక్కరే ఉన్నారు. ఆమె చేసిన వత్తులు మా దేవుడి గూట్లో ఎప్పుడూ డబ్బా నిండా ఉండేవి.

“నేల కడిగినప్పుడు ఉన్నాది,” అంది అమ్మ, నాన్నమ్మ గొంతుతో. “అడిగినదానికి సెప్పినాది. కడిగినాక ఏటైనాదో ఎవులూ అడగనేదు.”

వాన తగ్గేదాకా ఇద్దరం నవ్వాం. తరవాత అమ్మకి నవ్వు ఆగిపోయింది. “మంగళవారం ఆ మంచం బాగుసెయ్యమన్నది నానే,” అంది.

గురువారం మధ్యాహ్నం నాన్న జెట్టీలో ఉన్నాడు. నాన్నమ్మ వంటింటి బల్ల దగ్గర వక్కలు కత్తిరిస్తోంది. అమ్మ ఆమెకెదురుగా కూర్చుని తెల్లకాగితం, పెన్నూ పెట్టింది. నన్ను పిలిచి పక్కన కూర్చోమంది.

“అత్తా, నిన్ను కొన్ని మాటలు అడుగుతాను. నీకు ఇష్టం నేకపోతే సెప్పనక్కర్నేదు. సెప్పినవి రాసుకుంటాను.”

“ఓలమ్మ! కోడలు అత్త మీద కేసెడతాదంట. దర్షిణీ, ఇంటన్నావా? పేపర్లో ఎయ్యి.”

“నీ పూర్తి పేరు?”

“పాతికేళ్లు నా సేతి కూడు తిని నా పేరు అడుగుతావేటే?”

“కోర్టులో అలాగే అడుగుతారు అత్తా.”

“కూర్మమ్మ. సాలా?”

“సాలు. సెమ్మె ఎక్కడున్నాది?”

అడకత్తెర ఆగలేదు. ఒక వక్క, రెండో వక్క. “నా మంచం కింద,” అంది నాన్నమ్మ. “దుప్పట్లో సుట్టినాను.”

“ఎలా తెచ్చినావు? అంత బరువు.”

“అంత బరువెవులు మొయ్యమన్నారు? అది మూడు ముక్కలు. మరలు తిప్పితే ఊడొస్తాది. పళ్లెం ఓపాలి, కాడ ఓపాలి, అడుగు ఓపాలి. బకెట్లో ఎట్టి పైన తడిగుడ్డ కప్పినాను. మూడుసార్లు తిరిగినాను. దారిలో నీ జయకుమారు బండి ఆపి, పెద్దమ్మా బకెట్టు నానట్టుకుంటాను ఇవ్వు అన్నాడు. మురికినీల్లురా నాయనా అన్నాను.”

నేను మొహం పక్కకి తిప్పుకున్నాను. అమ్మ పెదవి కొరుక్కుంటూ రాస్తోంది.

“ప్రమిద ఎందుకెట్టినావు?”

“దేవుడి ముందు సీకటి సేసి రమ్మంటావా? నాను దొంగనా?”

అమ్మ పెన్ను కింద పెట్టింది. “అత్తా, ఇప్పుడే తిరిగి ఇచ్చీసినావంటే గొడవ నేదు. దొంగతనం అనాలంటే బుద్ధి సెడ్డదై ఉండాలి. నీది కాదు.”

“ఇచ్చీసినానంటే కరిగించీత్తారు.”

“పాతదైపోనాది కదా.”

“ఆ వొంకర మీ మావది,” అంది నాన్నమ్మ. “మా పెళ్లయిన ఏడు పెరటాసిలో భజనకి ఎగిరి ఎగిరి దాని మీద పడిపోనాడు. సెమ్మె వొంగిపోనాది. పళ్లెం సొట్టడిపోనాది. ఎస్టేటంతా నవ్వినారు. నానూ నవ్వినాను. కొత్త పెళ్లికూతుర్ని, నోట్లో కొంగు కుక్కుకుని నవ్వినాను.” అడకత్తెరలో వక్క పెట్టింది గాని నొక్కలేదు. “మనిసి ఫొటో కూడా నేదు. అదున్నాది. శుక్రవారం శుక్రవారం తోముతాను.”

తాతయ్య ఫొటో మా ఇంట్లో లేదన్న సంగతి నేను అప్పటిదాకా ఆలోచించలేదు.

“జయా ఇంకో సెమ్మె కొనుక్కుంటాడు. పోలీసులకి సెప్పినా వొచ్చి ఎతుక్కుని పోతారు. కొన్నాల్లకి అందరూ మర్సిపోతారు. దాసుకి ఏటీ తెల్దు కదా. ఆడు సూడం ఆర్పీడానికి ఏటి బయం? పిరికోడు.”

“అత్తా,” అంది అమ్మ. “పోయిన వారం మంగళవారం నీ మంచం కోడు ఆయనే బిగించినాడు.”

నాన్నమ్మ తల ఎత్తింది.

“కోడు బిగించాలంటే కిందకి వొంగాలి కదా.”

పెరట్లో పంపు కింద బకెట్టు నిండి పొర్లుతోంది. ఎవరం లేవలేదు.

“మొదటి మాట అన్నాడు,” అంది అమ్మ. “రెండో మాట కాడ ఆగిపోనాడు.”

నాన్నమ్మ అడకత్తెర మూసింది. కత్తిరించిన వక్కల్ని డబ్బాలో పోసి మూత పెట్టింది. లేచి పెరట్లోకి వెళ్లి పంపు కట్టేసింది. వచ్చి, అమ్మ ముందున్న కాగితాన్ని చూపుడు వేలితో తన వైపు లాక్కుంది. ఆమెకి చదవడం రాదు.

“ఇది జయా కాడికి పోతాదా?”

“పోదు. నువ్వొద్దంటే పొయ్యిలోకే.”

“పొయ్యిలోకే,” అంది నాన్నమ్మ. అమ్మ కాగితం మడిచి గ్యాసు పొయ్యి మీద కాల్చింది. ఆ బూడిద సింకులో కడుగుతున్నప్పుడు నాన్నమ్మ అడిగింది. “సూడం ఆర్పినాక ఆ మాట మల్లీ ఎత్తకూడదు. ఆ ఆచారం ఇప్పటికీ ఉన్నాదా?”

“ఉన్నాది,” అంది అమ్మ, పంపు కింది నీళ్లని చూస్తూ. “కానీ అత్తా, ఆర్పక ముందే ఆ మాట జయకుమార్ నోటి నించి అందరూ ఇనేలాగ సెప్పించుకోవాలి. సాచ్చులుంటే మంచిది.”

మూడో శనివారం కోవెల నిండింది. పెద్దవాళ్లే కాదు, తెలుగు అర్థమై మాట రాని కుర్రకారు కూడా వచ్చి గోడలకి ఆనుకున్నారు. నాన్నమ్మ పసుపురంగు చీర కట్టుకుంది. కోవెల దాకా నడవలేనంటే నాన్న మోటార్‌సైకిల్ మీద ఎక్కించుకొచ్చాడు. ఇద్దరూ దారిలో ఏమైనా మాట్లాడుకున్నారేమో నాకు తెలియదు.

తమలపాకు వేశారు. సూడం పెట్టారు. నాన్న చొక్కా గుండీ మీద చెయ్యి వేశాడు.

“దాసూ, కూకో,” అంది నాన్నమ్మ. తను ముందుకి వెళ్లింది. “ఒరే జయా. ఒక మాట సెప్పు. నాకు వొయసైపోనాది, మర్సిపోతన్నాను. సూడం ఆర్పినాక ఏటి మన కట్టుబాటు?”

“ఆ మాట మల్లీ ఎవులూ ఎత్తకూడదు పెద్దమ్మా.”

“ఎవులంటే? అద్దెచ్చుడు కూడానా?”

“అద్దెచ్చుడైనా సరే. ఎత్తినోలకే దోసం. మన తాతల నాటి మాట. నీకు తెల్దా?”

“తెలుసు. అందరూ ఇన్నారా?”

విన్నామన్నారు. నాన్నమ్మ నేల మీద కూర్చోవడానికి కొంచెం సమయం పట్టింది. అమ్మ వెళ్లి భుజం పట్టుకుంది. జయకుమార్ అగ్గిపుల్ల గీశాడు. నాన్న ఆర్పబోతున్నాడని, తల్లి పక్కన కూర్చుని ధైర్యం చెబుతోందని అనుకున్నాడట. తరవాత ఎవరికో చెప్పాడు.

నాన్నమ్మ చెయ్యి ఎత్తింది.

“నాను తీసినాను,” అంది. “నా కాడే ఉన్నాది. నా ఊపిరున్నంత కాలం నా కాడే ఉంటాది. నా కొడుకు తియ్యనేదు.”

అరచెయ్యి కింద మంట ఆరింది. చేతిని వెంటనే తియ్యలేదు.

ఎవరూ కదలలేదు. ఇన్నేళ్లలో సూడం ఆర్పి లేదన్నవాళ్లనే చూశారు గాని అవునన్నవాళ్లని ఎవరూ చూడలేదు. జయకుమార్ నోరు తెరిచాడు. పూజారి వైపు చూశాడు. నాన్న వైపు చూశాడు. నోరు మూశాడు. గోడ దగ్గర ఒక కుర్రాడికి నవ్వు తన్నుకొచ్చి బయటికి పరిగెత్తాడు. అక్కడ నించి ఒకరి తరవాత ఒకరు నవ్వారు.

“భజన మొదలెట్టండి,” అన్నాడు జయకుమార్ చివరికి.

ముగ్గు మీద మట్టి ప్రమిద పెట్టారు. నాన్న తాళాలు అందుకున్నాడు. ప్రమిద పాదం ఎత్తు కూడా లేదు కాబట్టి తొక్కకుండా, కిందకి చూసుకుంటూ తిరగాల్సి వచ్చింది. ఆ ఏడు మిగిలిన శనివారాలన్నీ అలాగే తిరిగారు. కొత్త సెమ్మె మాట మరుసటి ఏడు చూద్దామన్నారు. ఏటేటా అదే మాట అన్నారు.

నాన్నమ్మ ఆ రాత్రి అరచేతికి వెన్న రాయించుకుంది నాన్న చేత. “పిరికోడివి అన్నాను,” అంది. నాన్న “అవును” అన్నాడు. అంతకు మించి వాళ్లు దాని గురించి మాట్లాడుకోగా నేను వినలేదు.

అమ్మకి ఒక నష్టం జరిగింది. చివరి సెమిస్టరు ప్రాజెక్టు, తన సమాజంలో ఒక వివాదం ఎలా పరిష్కారమైందో రాయడం. సగం రాసిపెట్టుకుంది. ఆ మాట ఎత్తకూడదు కాబట్టి చింపేసింది. ఫోను పోయిన స్కూలు పిల్ల సంగతి మొదట్నించి రాసి ఇచ్చింది. ఆఖరి క్షణంలో ఎందుకు మార్చావని ముగిలన్ సార్ అడిగితే, “సాక్షులందరూ నోరు మూసుకున్నారు సార్,” అందట.

పట్టా ఇచ్చిన రోజు నాన్న ఆమె గౌను ఇస్త్రీ చేశాడు. పెద్ద హాలు, ఏసీ చలి. నాన్నమ్మ వేదిక మీదున్న కోడల్ని చూపించి, పక్క సీటులోని చైనా ముసలావిడతో మలయ్‌లో, “మా ఇంటి పోలీసు,” అంది. అమ్మ పోలీసు కాలేదు. తెలుక్ ఇంతాన్‌లో, కోర్టుకి వచ్చే పిల్లల పక్కన కూర్చునే ఉద్యోగం చేస్తోంది. ఎప్పుడు మాట్లాడాలో, ఎప్పుడు అక్కర్లేదో వాళ్లకి చెబుతుంది.

ఇది నేను రాయకూడదు. ఎత్తినవాళ్లకే దోషం. విలేకరులకి ఆ దోషం కొత్త కాదు.

నాన్నమ్మ కిందటేడు ఉగాది అయ్యాక పోయింది. ఆ తరవాత శుక్రవారాలు కోవెల కడిగే పని అమ్మ తీసుకుంది. పెరటాసి వచ్చింది. మొదటి శుక్రవారం సాయంత్రం పూజ అయ్యాక అమ్మ మేకు మీది తాళంచెవి తీసుకుని, బకెట్టులో ఏదో పెట్టి, పైన తడిగుడ్డ కప్పుకుని వెళ్లింది. వచ్చింది. మళ్లీ వెళ్లింది. మూడోసారి నాన్న కూడా వెళ్లాడు, మరలు బిగించడానికి.

తెల్లవారి పూజకి అందరికంటే ముందు జయకుమార్ వచ్చాడు. ఇప్పుడు చేతికర్రతో నడుస్తున్నాడు. గడప దాటి ఆగాడు. ముగ్గు మీద సెమ్మె, ఎప్పట్లాగే ఒక పక్కకి వంగి. కొత్తగా వచ్చే కుర్రాడొకడు, “అంకుల్, ఇది ఎక్కడిది?” అన్నాడు.

జయకుమార్ కర్ర గోడకి ఆనించాడు. పళ్లెం అంచు మీద సొట్టని బొటనవేలితో తడిమాడు. నూనె ఒలికిపోకుండా ఆ వంపు వైపు తగ్గించి పోశాడు. నాన్నమ్మ పోసినట్టే.

“వొత్తి ఇవ్వు,” అన్నాడు అమ్మతో.

అమ్మ డబ్బా తీసి ఇచ్చింది.